బలమైన, కుదురులేని పసిబిడ్డను పెంచడం ఎలా: ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ వరకు సమగ్ర మార్గదర్శి

మా పాప రెండున్నరేళ్ళ వయసులో ఖాళీ గ్యాస్ సిలిండరును వంటింటి గుమ్మం నుంచి వరండా దాకా దొర్లించుకుంటూ వెళ్ళింది. చూసినవాళ్ళు ముచ్చటపడ్డారు, మా అమ్మ ఉప్పుతో దిష్టి తీసింది. అదే వారంలో అదే చేతులతో పక్కింటి పసిబిడ్డను ప్రేమగా హత్తుకోబోయి ఊపిరాడనివ్వకుండా చేసింది. అప్పుడు ముచ్చటపడినవాళ్ళే "ఆడపిల్లకు ఇంత దుడుకేమిటి" అన్నారు. బిడ్డ రెండుసార్లూ చేసింది ఒకటే, తనకున్న బలాన్నంతా వాడింది. ఎక్కడ ఎంత వాడాలో తనకు ఇంకా తెలియదు, మేమూ అప్పటికి నేర్పలేదు.

బలం కండరంలో ఉంటుంది, దాని కొలత మెదడులో ఏర్పడుతుంది. కొందరు పిల్లల్లో మొదటిది రెండేళ్ళకే పొంగుకొస్తుంది, రెండోది మాత్రం అందరిలాగే ఏళ్ళ తరబడి నెమ్మదిగా ఎదుగుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే మనం అల్లరి అనీ దుడుకు అనీ పిలిచేదాంట్లో చాలా భాగం. ఆ ఎడాన్ని ఇంట్లో ఏ వరుసలో పూడ్చుకుంటూ రావచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి అడుగు: అది నిజంగా బలమేనా అని చూసుకోండి

దీన్ని అన్నిటికంటే ముందు పెట్టడానికి కారణం ఉంది. బలంగా కనిపించే ప్రతి శరీరమూ బలమైనది కాదు. డుషేన్ కండరాల క్షీణత అనే జన్యువ్యాధి ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. ఆ పిల్లల పిక్కలు ఉబ్బి, గట్టిగా, పహిల్వాను పిక్కల్లా కనిపిస్తాయి, ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. నిజానికి అక్కడ కండరం తరిగిపోతూ దాని చోట కొవ్వు, పీచు కణజాలం చేరుతుంటాయి. అందుకే పిక్కల్ని కాదు, కదలికను గమనించండి. నేల మీద కూర్చున్న బిడ్డ లేచేటప్పుడు మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు ఆనించి తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టు లేస్తుంటే, తోటి పిల్లల కంటే తరచుగా పడిపోతుంటే, మెట్లెక్కడానికీ పరుగెత్తడానికీ అవస్థ పడుతుంటే, పిల్లల వైద్యుడితో ఆ సంగతి చెప్పి కండరం దెబ్బతింటోందా అని చూసే సీ.పీ.కే. అనే రక్తపరీక్ష అవసరమా అని అడగండి. నిజంగా బలమైన బిడ్డ చేతుల ఆనిక లేకుండా స్ప్రింగులా లేస్తుంది.

రెండో సంగతి తొందరపడి వచ్చే యవ్వన లక్షణాలు. ఆడపిల్లలో ఎనిమిదేళ్ళ లోపు, మగపిల్లవాడిలో తొమ్మిదేళ్ళ లోపు మర్మాంగాల దగ్గర వెంట్రుకలు, మొటిమలు, పెద్దవాళ్ళ చెమట వాసన, గొంతు మారడం, ఒక్కసారిగా ఎత్తు పెరగడం కనిపిస్తే, వాటితో పాటు కండ పెరగడాన్ని ఆరోగ్యం అనుకోకూడదు. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి సమస్యల వల్ల ఇలా జరగవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటికి రాసుకునే టెస్టోస్టిరాన్ (పురుష హార్మోను) జెల్ బిడ్డ చర్మానికి అంటుకోవడం వల్ల కూడా జరుగుతుంది. అలాంటప్పుడు పిల్లల హార్మోన్ల నిపుణుడిని కలవాలి.

పుట్టుకతోనే అసాధారణ కండబలం ఉన్న పిల్లలు నిజంగా ఉన్నారు, కానీ అత్యంత అరుదు. కండరం మితిమీరి పెరగకుండా ఆపే మయోస్టాటిన్ అనే ప్రొటీను తయారు కాని ఒక జర్మన్ బాలుడి గురించి 2004లో వైద్యులు ప్రకటించారు. ఆ బాలుడు నాలుగున్నరేళ్ళ వయసులో చేతులు చాచి రెండు చేతుల్లోనూ మూడేసి కిలోల డంబెల్స్ నిలిపి పట్టుకోగలిగాడు. మన ఇళ్ళలో కనిపించే బలమైన పిల్లలు చాలావరకు ఈ కోవలోకి రారు. వాళ్ళు ఆరోగ్యంగా, వయసుకు మించిన ఒడ్డూ పొడుగుతో, కదలాలనే తపనతో పుట్టిన మామూలు పిల్లలు. మీ బిడ్డ హాయిగా పరుగెత్తి, ఎక్కి, దూకి, తిని, నిద్రపోతుంటే ఈ అడుగు దాటి ముందుకు వెళ్ళవచ్చు.

రెండో అడుగు: ఒంటిని చూసి కాదు, పుట్టినరోజును చూసి ఆశించండి

మూడేళ్ళ బిడ్డ ఐదేళ్ళ బిడ్డలా కనిపిస్తే లోకం ఐదేళ్ళ బుద్ధిని ఆశిస్తుంది. బస్సులో కండక్టరు, పెళ్ళిలో బంధువులు, పార్కులో తోటి తల్లులు, ఆఖరికి మనం కూడా "ఇంత పెద్దదానివి, ఆ మాత్రం తెలియదా" అంటాం. దానికి నిజంగానే తెలియదు. రెండేళ్ళ బిడ్డకు తన వంతు కోసం ఆగడం దాదాపు అసాధ్యం, మూడేళ్ళ బిడ్డకు రెండు మూడు నిమిషాలు ఆగడమే గొప్ప. ఎవరైనా ఏదైనా అనబోయేలోగా వయసు మనమే ముందు చెప్పేయడం నాకు బాగా పనికొచ్చిన ఉపాయం. "దీనికి మూడేళ్ళేనండీ, కాస్త పొడగరి" అనే ఒక్క మాట ఎదుటివాళ్ళ చూపును మారుస్తుంది. బిడ్డకు కూడా అమ్మ తన పక్షాన ఉందని తెలుస్తుంది.

మూడో అడుగు: ఇంటిని బిడ్డ బలానికి తగ్గట్టు సరిచేయండి

మామూలు ఇళ్ళలో తీసుకునే జాగ్రత్తలు ఇలాంటి బిడ్డకు చాలవు. మిగతా పిల్లలు అందుకోలేని దాన్ని ఈ బిడ్డ అందుకుంటుంది, కదపలేని దాన్ని కదుపుతుంది. కాబట్టి "దీన్ని లాగగలదా" అని కాకుండా "దీన్ని లాగితే ఏమవుతుంది" అని ప్రతి వస్తువు దగ్గరా ఆలోచించండి. బీరువా, పుస్తకాల అర, టీవీ బల్ల వీటిని గోడకు ఎల్ ఆకారపు ఇనుప పట్టీలతో మేకులు కాదు స్క్రూలు బిగించి నిలపాలి. సొరుగులు లాగి మెట్లలా ఎక్కే పిల్లల మీదకు బీరువాలు ఒరిగిపడటం ఊహ కాదు. స్టాండు మీద తలకిందులుగా పెట్టే 20 లీటర్ల మంచినీళ్ళ క్యాను ఇరవై కిలోల బరువు. దాన్ని నేల మీదకు దించి చేతిపంపు బిగించుకోవడం మేలు. బాల్కనీ కటకటాలు అడ్డంగా ఉంటే అవి నిచ్చెనే. నిలువు చువ్వలు లేక వల బిగించి, కుర్చీ, పూలకుండీ, బోర్లించిన బకెట్ దాని దగ్గర ఎప్పుడూ ఉండకుండా చూడాలి. సంపు మూతను పసిబిడ్డ ఎత్తలేదని నమ్మకండి, తాళం వేయండి. స్నానాల గదిలో నింపిన బకెట్ కూడా ప్రమాదమే, అడుగున నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పసిబిడ్డకు ప్రాణాంతకం కావచ్చు.

రెండు చక్రాల బండి మీద మెలికలు తిరిగే బిడ్డ మరో పెద్ద చిక్కు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్ళేటప్పుడు నడిపేవారికి బిడ్డను కట్టే సేఫ్టీ హార్నెస్, బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలని, గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఇది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ముందు నిలబెట్టుకుని వెళ్ళే అలవాటు ఉన్నవాళ్ళు దయచేసి మానేయండి.

ఇంకొకటి, ఇది మన చేతుల గురించి. బలమైన బిడ్డ రోడ్డు మీదకు గుంజుకుంటే మనం అంతకంటే గట్టిగా చెయ్యి పట్టి వెనక్కి లాగుతాం. ఏడాది నుంచి నాలుగేళ్ళ మధ్య పిల్లల్లో అలా మణికట్టు పట్టి గుంజినప్పుడు మోచేతి ఎముక పట్టు నుంచి కాస్త జారిపోవచ్చు. బిడ్డ ఏడ్చి, ఆ చెయ్యి కదపకుండా ఒంటికి ఆనించుకుంటుంది. వైద్యుడు క్షణాల్లో సరిచేయగలడు, కానీ ఒకసారి జారితే మళ్ళీ జారే అవకాశం ఎక్కువ. అందుకే చెయ్యి పట్టి లాగడానికి బదులు వెనక నుంచి చంకల కింద రెండు చేతులూ వేసి ఎత్తాలి. తాతలకు, అమ్మమ్మలకు, పనికి వచ్చే ఆమెకు కూడా దీన్ని చేసి చూపించండి.

నాలుగో అడుగు: కూర్చోమనే ముందు ఒళ్ళు అలిసేలా చూడండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది నిండిన పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదలాలి, మూడు నాలుగేళ్ళ పిల్లలకు అందులో 60 నిమిషాలైనా ఒళ్ళు వేడెక్కే ఆట ఉండాలి. ఇది మామూలు పిల్లలకు చెప్పిన కనీసం. గదుల మధ్య బతికే మన పట్నం పిల్లలకు ఆ కనీసమే దక్కడం లేదు. బలమైన బిడ్డలో మిగిలిపోయిన ఆ శక్తి రాత్రి ఏడు గంటలకు సోఫా మీద, చెల్లెలి మీద, నానమ్మ మోకాళ్ళ మీద బయటపడుతుంది.

రోజును ఒక వరుసలో పేర్చండి: ముందు ఒంటికి పని, తర్వాత కుదురు పని. బడికి నడిపించి తీసుకెళ్ళగలిగితే సగం చిక్కు అక్కడే తీరుతుంది. బస్సు రావడానికి ముందు ఇరవై నిమిషాలు మెట్లెక్కి దిగడం, తాడు లాగడం, పరుపు మీద దూకడం వంటివి చేయిస్తే తరగతిలో కూర్చోవడం తేలిక. బడి నుంచి రాగానే హోంవర్కు పుస్తకం తీయకుండా ఏదైనా తినిపించి గంట సేపు బయట వదలండి. రాయలసీమలో, తెలంగాణలో ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత తప్ప బయటి ఆట వద్దు. మధ్యాహ్నం గదిలో పాత దూది పరుపు నేల మీద పరిస్తే అదే మైదానం, కింది ఇంటివాళ్ళకు చప్పుడూ తగ్గుతుంది. నిద్రకు గంటన్నర ముందు నుంచి గెంతులు ఆపేసి స్నానం, నూనె మర్దన, కథ, ఈ క్రమం ప్రతి రోజూ ఒకేలా సాగాలి.

టీవీ ముందు కూర్చోబెడితే కుదురుగా ఉంటుందని అనిపిస్తుంది. ఆ గంట సేపు కదలిక వాయిదా పడుతుంది, ఆపగానే రెట్టింపుగా వస్తుంది. రెండేళ్ళ లోపు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వరకు రోజుకు గంట దాటవద్దనీ పైన చెప్పిన సూచనల్లోనే ఉంది.

ఐదో అడుగు: బరువైన, అవసరమైన పని అప్పగించండి

కృష్ణుడి అల్లరి భరించలేక యశోద నడుముకు తాడు కట్టి రోటికి బిగిస్తే ఆ పిల్లవాడు రోలునే ఈడ్చుకుంటూ వెళ్ళి రెండు మద్దిచెట్ల మధ్య దూరి వాటిని కూల్చిన కథ మనకందరికీ తెలుసు. నేను చాలాకాలం దాన్ని దేవుడి మహిమగా మాత్రమే విన్నాను. తల్లినయ్యాక అందులో కట్టేసిన బలం ఏం చేస్తుందో కనిపించింది. రోటికి కట్టడం కంటే రోట్లో దంచమని రోకలి ఇవ్వడం మంచి ఆలోచన.

నెట్టడం, లాగడం, మోయడం, పిసకడం వంటి పనుల్లో కండరాలూ కీళ్ళూ మెదడుకు ఎడతెగని సమాచారం పంపుతాయి. అలాంటి పనుల తర్వాత చాలామంది పిల్లలు నెమ్మదిస్తారని ఆక్యుపేషనల్ థెరపిస్టులు చెబుతారు, మా ఇంట్లోనూ అదే చూశాను. పని నిజమైనదై ఉండాలి, ఉత్తుత్తిది పిల్లలు వెంటనే పసిగడతారు. అర బకెట్ నీళ్ళు మొక్కలకు మోయడం, ఉతికిన బట్టల బుట్టను డాబా మీదకు ఈడ్చడం, తడిగుడ్డతో మోకాళ్ళ మీద వంగి గది తుడవడం, చపాతీ పిండి పిసకడం, చిన్న రోట్లో వెల్లుల్లి దంచడం, కూరగాయల సంచి రెండో చెవి పట్టుకోవడం, పల్లెలో అయితే చేతి పంపు కొట్టడం, గడ్డి మోపు లాగడం. పని ముగిశాక "ఎంత బలమో" అనకండి. "నువ్వు మోసిన నీళ్ళతో ఈ ఆరు మొక్కలూ తడిశాయి" అని చెప్పండి. మొదటి మాట బిడ్డను ప్రదర్శన వైపు తీసుకెళ్తుంది, రెండోది బాధ్యత వైపు.

ఎంత బరువు? బడి సంచుల గురించి 2020లో కేంద్రం ఇచ్చిన విధానం, ఒకటో తరగతి నుంచి సంచి బరువు ఒంటి బరువులో పదో వంతు దాటకూడదంటుంది, అంతకంటే చిన్న పిల్లలకు సంచే వద్దంటుంది. ఎత్తి మోసే పనులకు నేను ఆ పదో వంతునే హద్దుగా పెట్టుకున్నాను, 18 కిలోల బిడ్డకు రెండు కిలోల లోపు. నేల మీద ఈడ్చేవి, నెట్టేవి ఇంకాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. బంధువుల ముందు "మామయ్యను ఎత్తి చూపించు, బియ్యం బస్తా లేపి చూపించు" అనే పందాలకు మాత్రం ఎప్పుడూ ఒప్పుకోకండి. ఎదిగే ఎముకల చివర్లు మెత్తగా ఉంటాయి, నడుము పట్టేస్తే బిడ్డ చెప్పలేదు కూడా.

ఆరో అడుగు: మూడు పట్లు నేర్పండి

మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టమని వేడుకునేది ఈ అడుగు మీదే. "మెల్లగా, మెల్లగా" అని రోజుకు వందసార్లు అంటాం. మెల్లగా అంటే ఎంతో బిడ్డ చేతికి తెలియదు. మాట చెవికి అందుతుంది, కొలత చేతికి అందాలి.

మేము మూడు పేర్లు పెట్టుకున్నాం. పువ్వు పట్టు, పిండి పట్టు, తాడు పట్టు. మల్లెమొగ్గను నలగకుండా పట్టుకునేది పువ్వు పట్టు. చపాతీ ముద్దను నొక్కేది పిండి పట్టు. తాడు లాగేటప్పుడు బిగించేది తాడు పట్టు. మొదటి వారం పేర్లతో ఆట మాత్రమే ఆడండి, ఏ తప్పుతోనూ ముడిపెట్టకండి. అరచేతిలో మల్లెపూలు పెట్టి గది చివరికి నడిపించండి, అక్కడ ఒక్కటి కూడా నలగకపోతే దేవుడి పటం ముందు పెట్టనివ్వండి. పిండి ముద్ద మీద వేలి గుర్తు పడేలా, తర్వాత అరచేయి గుర్తు పడేలా నొక్కించండి. తువ్వాలు ఒక చివర మీరు, ఇంకో చివర బిడ్డ పట్టి గుంజులాట ఆడండి. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు మారడమే అసలు పాఠం కాబట్టి "తాడు... పువ్వు... పిండి... పువ్వు" అని మీ వేలినే పట్టుకోమని ఇచ్చి మార్చి మార్చి పిలవండి.

రెండో వారం ఒంటి మీదకు తీసుకురండి. మీ చెంపను పువ్వు పట్టుతో తాకమనండి, మీ భుజాన్ని పిండి పట్టుతో నొక్కమనండి. నొప్పి పుడితే నటించకుండా, అరవకుండా, "ఇది తాడు పట్టు, అమ్మకు నొప్పి పుట్టింది, పువ్వు పట్టు చూపించు" అని మళ్ళీ చేయించండి. మూడో వారానికి ఉడికించిన గుడ్డు పెంకు వలవడం, సన్నని మూతి గ్లాసులో నీళ్ళు పోయడం, దారానికి పెద్ద పూసలు గుచ్చడం కలపండి. పూసలు నోట్లో పెట్టుకునే వయసైతే వద్దు.

ఆ తర్వాతే పసిబిడ్డ దగ్గరకు, పిల్లిపిల్ల దగ్గరకు తీసుకెళ్ళండి, మీ చెయ్యి బిడ్డ చేతి కింద ఉంచి. వెళ్ళేముందే "ఇప్పుడు ఏ పట్టు" అని అడగండి, జవాబు బిడ్డ నోటి నుంచి రావాలి. మా పాపకు ఇది చేతిలో కుదరడానికి నాలుగు నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు మొదటికి వచ్చాం. సంతోషంలో ఉన్నప్పుడే కొలత ఎక్కువగా తప్పుతుందని గమనించాను. నాన్న ఊరి నుంచి వచ్చినప్పుడు, పుట్టినరోజు సందడిలో ఇంకొంచెం దగ్గరగా ఉండండి.

ఏడో అడుగు: ఆగడం ఆటలో నేర్పండి

పరుగు మధ్యలో ఆగగలగడం రోడ్డు పక్కన ప్రాణం కాపాడే విద్య. దాన్ని రోడ్డు పక్కన నేర్పలేం. పిల్లలు "స్టాచ్యూ" అని ఆడుకునే ఆట దీనికి చక్కగా సరిపోతుంది. పాట పెట్టి గెంతించి పాట ఆగగానే బిగుసుకుపోవడం, తలుపు నుంచి గేటు దాకా పరుగెత్తి గీత ముందు ఆగడం, దాగుడుమూతల్లో కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టడం, ఇవన్నీ ఆగే సాధనలే. "ఆగు" అనే మాటను వీటికే దాచుకోండి. అన్నం దగ్గరా టీవీ దగ్గరా అదే మాట వాడితే దాని పదును పోతుంది. బిడ్డ ఆగిన ప్రతిసారీ ఒక్క చప్పట్టు చాలు.

ఎనిమిదో అడుగు: కొట్టినప్పుడు, నెట్టినప్పుడు

ఇంకో బిడ్డను నెట్టేస్తే ముందు దెబ్బ తగిలిన బిడ్డను చూడండి. అది మర్యాద, పైగా మీ బిడ్డ కూడా ఆ వరుస గమనిస్తుంది. తర్వాత మీ బిడ్డ కళ్ళ ఎత్తుకు వంగి, చేతులు మీ చేతుల్లోకి తీసుకుని, రెండు చిన్న వాక్యాలు చెప్పండి: "నెట్టనివ్వను. వాడికి దెబ్బ తగిలింది." ఉపన్యాసం అప్పుడు వద్దు, ఉద్రేకంలో ఉన్న బిడ్డకు మూడో వాక్యం వినపడదు. శాంతించాక నీళ్ళు తెచ్చివ్వడం, పడిపోయిన బొమ్మ తీసివ్వడం వంటి సరిదిద్దే పని చేయించండి. బలవంతాన "సారీ" అనిపించడం కంటే ఇది మేలు.

మొండికేసి కాళ్ళతో తన్నుతున్న బలమైన బిడ్డతో కుస్తీ పట్టకండి. ఎవరికీ దెబ్బ తగలకపోతే పక్కన కూర్చుని ఆగండి. తగిలేలా ఉంటే వెనక నుంచి ఒడిలోకి తీసుకుని, ఛాతీ నొక్కకుండా, మీ తల పక్కకు పెట్టుకుని పట్టుకోండి. తల వెనక్కి విసిరితే మన ముక్కుకే తగులుతుంది.

ఇక దెబ్బల సంగతి. బలమైన బిడ్డకు "దెబ్బలే మందు" అని చెప్పేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఈ విషయంలో నా మనసు గట్టిది. బలం ఉన్నవాళ్ళు కోపం వస్తే కొట్టవచ్చు అనే పాఠాన్ని, రేపు మనకంటే బలంగా ఎదగబోయే బిడ్డకు మన చేత్తో నేర్పకూడదు. పైగా అలాంటి పిల్లలు చిన్న దెబ్బకు చలించరు, కాబట్టి పెద్దవాళ్ళు ఇంకా గట్టిగా కొడతారు, ఆ మెట్లకు చివర ఉండదు. మీ సహనం అంచుకు వచ్చిందని తెలిసిన క్షణంలో బిడ్డను భద్రమైన చోట ఉంచి మీరు పక్క గదిలోకి వెళ్ళండి. ఇంకొకరికి అప్పగించండి. రోజూ అదే స్థితి అయితే 14416కు ఫోన్ చేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ సలహాదారుతో తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

ఇంట్లో నాన్నతో, మేనమామతో ఆడే కుస్తీ ఆట మంచిదే, దానికి కట్టుబాట్లు ఉండాలి: పరుపు మీద మాత్రమే, మెడా ముఖమూ ముట్టుకోకూడదు, ఎవరు "చాలు" అన్నా ఆ క్షణంలో ఇద్దరూ చేతులు వదలాలి. పెద్దవాళ్ళు కూడా బిడ్డ "చాలు" అంటే వదలాలి, కితకితలతో సహా.

తొమ్మిదో అడుగు: తిండి, నిద్ర, నెత్తురు

బలమైన బిడ్డకు ప్రొటీన్ పొడులు అవసరం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసిన లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు దాదాపు 16 గ్రాముల ప్రొటీను చాలు. ఒక గుడ్డులోనే ఆరు గ్రాములుంటుంది, మిగతాది పప్పు, పెరుగు, పాలు, వేరుశెనగలతో తేలిగ్గా నిండుతుంది. ఐదేళ్ళ లోపు పిల్లలకు వేరుశెనగ గింజలు అలాగే ఇవ్వకండి, గెంతుతూ నమిలితే గొంతులో అడ్డం పడతాయి, పొడి చేసి లేక ఉండ చేసి పెట్టండి.

నెత్తురు సంగతి చాలామంది మరిచిపోతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైన బిడ్డ నీరసంగానే ఉంటుందనుకోకండి, చిరాకుగా, నిద్రలో కాళ్ళు కదుపుతూ, కుదురు లేకుండా కూడా ఉండవచ్చు. ఒక్కసారి హిమోగ్లోబిన్ చూపించండి, 11 కంటే తక్కువైతే వైద్యుడు చుక్కల మందు రాస్తారు. మూడు నాలుగేళ్ళ బిడ్డకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. రాత్రిళ్ళు గురక పెడుతూ నోటితో ఊపిరి తీసే బిడ్డకు ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే మెత్తని కణజాలం పెరిగి నిద్ర చెడుతుండవచ్చు, చెడిన నిద్ర పిల్లల్లో తరచుగా అతిచురుకుదనంలా కనిపిస్తుంది.

పదో అడుగు: బడికి ముందే చెప్పండి

మా పాప చేరిన మొదటి ప్రీస్కూలులో రెండో వారానికే "మీ అమ్మాయిని అదుపులో పెట్టండి" అని చీటీ వచ్చింది, అక్కడ మూడు గంటల్లో ఆరుబయట ఆట పది నిమిషాలు కూడా లేదు. రెండో చోట చేర్చే ముందే టీచరుతో కూర్చుని ఏం పనికొస్తుందో చెప్పాను: వరుసలో చివర నిలబెట్టండి, కుర్చీలు సర్దే పని ఇవ్వండి, మన మూడు పట్ల పేర్లు ఇవి. ఆమె రెండు నెలల్లో మా పాపను నీళ్ళ సీసాల ట్రేకు బాధ్యురాలిని చేశారు. బడి ఎంచుకునేటప్పుడు గోడల మీది బొమ్మల కంటే మైదానాన్ని, దాన్ని రోజుకెన్నిసార్లు వాడతారో చూడండి. బడుల్లో శారీరక దండననూ మానసిక వేధింపునూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, ప్రీస్కూలు నుంచి కూడా అదే ప్రమాణం ఆశించడంలో తప్పు లేదు.

పదకొండో అడుగు: ఎప్పుడు నిపుణుడి దగ్గరకు వెళ్ళాలి

చురుకుదనమంతా ఏ.డి.హెచ్.డి. (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం ఉండే సమస్య) కాదు. ఇష్టమైన పనిలో పది నిమిషాలు లీనమై, ఒళ్ళు అలిశాక కుదుటపడే బిడ్డ గురించి ఆందోళన అక్కరలేదు. నాలుగేళ్ళు దాటాక కూడా ఇంట్లో, బడిలో, బంధువుల దగ్గర, అన్ని చోట్లా ఆరు నెలలకు పైగా ఏ పనీ పూర్తి చేయలేకపోవడం, ప్రమాదం ఎదురుగా ఉన్నా ఆగలేకపోవడం కనిపిస్తే చూపించండి. ఆరేళ్ళ లోపు పిల్లలకు మొదటి చికిత్స మందు కాదు, తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ. పిలిస్తే పలకకపోవడం, మాటలు ఆలస్యం కావడం, వచ్చిన మాటలు పోవడం ఉంటే వయసు కోసం ఆగవద్దు, ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం, అంగన్‌వాడీ కార్యకర్తను అడిగితే దారి చెబుతారు.

పడి తలకు దెబ్బ తగిలినప్పుడు స్పృహ తప్పినా, మళ్ళీ మళ్ళీ వాంతి అయినా, లేపినా మత్తుగా ఉన్నా, మూర్ఛ వచ్చినా, ముక్కు లేక చెవి నుంచి నీరులాంటిది కారినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

పన్నెండో అడుగు: ఆటల శిక్షణకు తొందరపడకండి

నాలుగేళ్ళకే "దీన్ని వెయిట్‌లిఫ్టింగులో వేయండి" అని సలహాలు వస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి బరువులు ఎత్తడం మొదలుపెట్టింది పన్నెండేళ్ళ వయసులో. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు బాల్యంలోనే తల్లిని పోగొట్టుకుని విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగారు, అక్కడి వ్యాయామశాల ఆయన బలానికి దారి చూపింది. బరువులతో క్రమబద్ధమైన సాధనకు నిలకడ, సూచన వినే ఓపిక కుదిరే ఏడెనిమిదేళ్ళ వయసు దాకా ఆగాలి, అప్పుడూ తేలిక బరువులతో, శిక్షకుడి కళ్ళెదుట. అంతవరకు ఈత, చెట్టెక్కడం, ఏడు పెంకులాట, ఖోఖో, కోతికొమ్మచ్చి చాలు.

ఐదారేళ్ళకు జిమ్నాస్టిక్స్, జూడో, ఈత వంటివి మొదలుపెట్టదలిస్తే ఒక రోజు పూర్తిగా కూర్చుని చూడండి. మంచి జూడో శిక్షకుడు ముందుగా పడటం నేర్పుతాడు, పడేయడం ఆ తర్వాతి మాట. పిల్లల్ని గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు అని వరుసలు పెట్టే చోట, నొప్పి అంటే ఎగతాళి చేసే చోట, తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వని చోట చేర్చకండి. ఏడాది ఫీజు ఒకేసారి అడిగితే నెల రోజులకే కడతామని చెప్పి, ఆ నెలలో ప్రతి తరగతి నుంచి వచ్చాక బిడ్డ ఎలా నిద్రపోతోందో, మర్నాడు బూట్లు తనే వెతుక్కుంటోందో లేదో చూసి ఆ తర్వాత నిర్ణయించుకోండి.